పై వంటిల్లు

మునిసిపాలిటీ భవనం రెండో అంతస్తులో మడతకుర్చీ మీద కూర్చునేసరికి సెరఫీమ్ అరూడా చేతిలో ఉన్న సరుకు ఇదీ: పెరట్లో ఒక కారు షెడ్డు, దాన్ని చిన్న ఇల్లుగా మార్చడానికి మేనల్లుడు గీసిచ్చిన నక్షా, వేసవి చివరికల్లా అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సిన కూతురు, ఒకటి సరిపోయేచోట రెండు వంటిళ్లు, ఎదురుగా పొడవాటి బల్ల వెనక, ఊళ్లో ఎక్కడ ఏం కట్టుకోవచ్చో తేల్చే జోనింగ్ బోర్డు సభ్యులు ఐదుగురు. ఐదుగురిలో నలుగురు సరేనంటేనే షెడ్డు ఇల్లవుతుంది. ముగ్గురు అన్నా లాభం లేదు. ముగ్గురు ఖాయమని అతని అంచనా. ఇన్నేళ్లు ఉప్పుచేపలూ సాసేజీలూ అమ్మినవాడికి మనుషుల్ని తూచడం రాకపోతే ఆ దుకాణం ఎప్పుడో మూతపడేది. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు మిసెస్ విన్‌స్లో దుకాణానికొస్తే ఆలివ్ కాయ ఒకటి రుచి చూసి, గింజని చేతిరుమాల్లో చుట్టి తన సంచిలోనే పెట్టుకుంటుంది, కాబట్టి నిబంధనల మనిషి, అయినా మాయ చేయని మనిషి. ఆమెకు ఎడమవైపు స్కూలు టీచరమ్మ, చీజు పల్చగా కోయమని ప్రాణం తీస్తుంది గానీ కోసినందుకు ప్రతిసారీ థాంక్స్ చెబుతుంది. కుడివైపు ఫైరింజన్ల శాఖలో పనిచేసి దిగిపోయిన లావాటాయన, శనివారం శనివారం సాసేజి పట్టుకెళ్తాడు, ధర అడగడు. ధర అడగనివాడు ఎప్పుడూ మనవాడే. ఆ చివర మెడకి బో టై కట్టుకున్న ముసలాయన హాథవే, ఈ ఊళ్లో మిల్లులు పెట్టినవాళ్ల వంశం, దుకాణం గడప ఒక్కనాడూ తొక్కలేదు. ఆయన్ని రానిబాకీ కింద ముందే కొట్టేశాడు. ఈ చివర ఇన్సూరెన్స్ పనిచేసే కొత్తవాడు. ఒకసారి దుకాణానికి వచ్చి, అన్నీ చూసి, ఏమీ కొనకుండా "బాగుంది" అని వెళ్లిపోయాడు. ఏమీ కొనకుండా బాగుందన్న మనిషిని ఏ ఖాతాలో రాయాలి?

ఒక దంతవైద్యుడు లేచి తన ఇంటి వెనక చెక్క అరుగు ఎందుకు పొడిగించాలో చెబుతున్నాడు. ఆయన తర్వాత ఎవరిదో ఈతకొలను ఉంది, ఆ తర్వాత అరూడాల షెడ్డు. ఏప్రిల్ వచ్చినా ఈ భవనంలో గోడవారన గది వెచ్చబెట్టే ఆవిరి గొట్టాలు ఇంకా బుసకొడుతూనే ఉన్నాయి. పక్కన భార్య దియోలిండా చర్చికి వేసుకునే నల్ల కోటు గుండీ ఒకటి కూడా విప్పకుండా, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, రైలు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఆమె చేతుల్లోంచి నిమ్మతొక్క వాసన వస్తోంది; పొద్దున్నే తియ్యరొట్టె చేసింది. చేసి, తువ్వాలులో చుట్టి, వెంట తెచ్చింది. అతనే దాన్ని కారులో వదిలేయించాడు.

"రొట్టె ఎండిపోతుందయ్యా," అంది గొణుగుతూ.

"ఎండనీ. ఇక్కడికి తెస్తే లంచమంటారు."

"లంచమైతే డబ్బిస్తారు. రొట్టె పెడితే మర్యాద."

మర్యాదే కొంప ముంచింది అనాలనుకుని అనలేదు. అంటే ఇక్కడే, ఈ దంతవైద్యుడి ముందే, జవాబు వస్తుంది. నిజానికి షెడ్డు వ్యవహారం బరువైనదేం కాదు. వాళ్ల వీధిలో ఒక స్థలంలో రెండు కాపురాలకు అనుమతి ఉంది. ముందు ఇల్లు ఒకటి, వెనక షెడ్డు ఒకటి, రెండు. హద్దుకి కాస్త దగ్గరగా ఉంది కాబట్టి చిన్న మినహాయింపు కావాలి, అది అడిగినవాళ్లందరికీ ఇస్తూనే ఉన్నారు. షెడ్డు కొలతలు చూసుకోవడానికి ఇన్‌స్పెక్టర్ డౌలింగ్ వచ్చాడు, టేపు పట్టాడు, అన్నీ బాగున్నాయన్నాడు, బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. వెళ్లిపోయేవాడే. దియోలిండా పెరటి తలుపు దగ్గర నిలబడి, మా ఇంటికొచ్చి ఏమీ తినకుండా పోతే నాకు నిద్రపట్టదు అంది. అతన్ని సెల్లారు మెట్లు దింపి, పొడుగు బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆకుకూర సూపు గిన్నెనిండా పోసింది, సాసేజి ముక్కలు పైన వేసింది, అది అయిపోతే మళ్లీ పోసింది. ఆ పూట నాలుగు బర్నర్లూ వెలుగుతున్నాయి. డౌలింగ్ రెండో గిన్నె సగంలో ఉండగా తలెత్తి చుట్టూ చూశాడు. పొయ్యి చూశాడు, తొట్టి చూశాడు, ఫ్రిజ్ చూశాడు. చెంచా కింద పెట్టేశాడు.

"మిసెస్ అరూడా, మరి పైన నేను చూసిందేమిటి?"

"అది వంటిల్లు."

"ఇదో?"

"ఇదీ వంటిల్లే. ఇక్కడ వండుతాం."

"మరి అక్కడ?"

"అక్కడ వండం."

డౌలింగ్ నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. ఊరి నిబంధనల పుస్తకంలో వేరు పొయ్యి ఉంటే వేరు కాపురం కింద లెక్క. ఇంట్లో రెండు పొయ్యిలుంటే, మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉన్నా సరే, రెండు కాపురాలు. షెడ్డులో మూడో పొయ్యి పెడితే మూడు కాపురాలు, మూడుకు ఆ వీధిలో చోటు లేదు. మంచివాడే, ముఖం ఎర్రబడింది, "చూసింది రాయక తప్పదండీ" అన్నాడు, రాశాడు. అతను వెళ్లాక దియోలిండా గిన్నె కడుగుతూ, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు చూడు," అంది. ఆ లెక్కపెట్టడానికే అతనికి ఊరు జీతమిస్తుందని సెరఫీమ్ చెప్పబోయి మానుకున్నాడు. తప్పు ఎవరిదీ కాదు. ఆ వీధిలో తమలాగే సముద్రం దాటి వలస వచ్చిన అసోర్ దీవుల వాళ్ల ఇళ్లన్నీ అంతే. కింద సెల్లారులో చేపలు వేయించి, మాంసం ఉడికించి, పెద్దబల్ల చుట్టూ కూర్చుని తిని, పైన వంటిల్లు అద్దంలా ఉంచుకుంటారు. మేనల్లుడు నక్షా గీసినప్పుడు కింది వంటిల్లు గీయాలని వాడికీ తోచలేదు, ఇతనికీ తోచలేదు. లోపల తొడుక్కునే బనీను ఎవరైనా ఫోటోలో చూపిస్తారా?

దంతవైద్యుడి అరుగు గెలిచింది. ఐదుకి ఐదు. ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వుకుంటూ పోయాడు. ఈతకొలనాయన లేచాడు. గొట్టాల బుసలో మాటలు సగం వినబడి సగం వినబడక, ఆ సగంలోకి పై వంటిల్లు వచ్చి కూర్చుంది. తెల్లటి పలకల మీద నీలి పూలు, పలకలు దీవి నుంచే తెప్పించాడు, ఒకటి దారిలో పగిలితే అలాంటిదే దొరికేదాకా దియోలిండా మేస్త్రీని ఆపేసింది. పొయ్యి మీద మీటల దగ్గర కంపెనీవాడు అంటించిన పల్చటి ప్లాస్టిక్ ఇప్పటికీ ఉంది. పవిత్రాత్మ పండుగకి చీటీ తీస్తే ఒక ఏడాది వాళ్ల పేరు పడి, చర్చి వెండి కిరీటం వాళ్లింటికి వచ్చింది, వారం పాటు ముందుగదిలో పూల మధ్య పెట్టుకున్నారు, వీధి వీధంతా వచ్చి ప్రార్థన చేసింది, అంతమందికీ సూపూ రొట్టే కిందే తయారైంది. పై పొయ్యి మీద ఆ వారమంతా పూలకుండీ ఉంది. కిరీటం ముందు కూడా వెలగని పొయ్యి ఇంకెవరి కోసం? వ్యాపారస్తుడి కంటికి అది ఎప్పుడూ నలుసే. అమ్ముడుపోని సరుకు అరమీద పెట్టుకుంటే అర అద్దె దండగ. ఒకసారి ఆ మాట అన్నాడు కూడా. ఆమె గుడ్డ తీసుకుని పైకెళ్లి, మరకలేని పొయ్యిని తుడిచి వచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, అతను ఇంట గెలవకుండానే రచ్చకొచ్చాడు. బోర్డు వాళ్లు అడగబోయేది ఒక్కటే ప్రశ్న: రెండు పొయ్యిల్లో ఏది తీసేస్తారు? ఈ నెల రోజుల్లో ఆ ప్రశ్నని అతను ఇంట్లో అన్నివైపుల నుంచీ తిప్పి చూశాడు. కిందిది తీసేద్దామన్నాడు. "దాంతోపాటు నన్నూ తీసెయ్," అంది. పైది తీసేద్దామన్నాడు. లేచి వెళ్లిపోయింది, పైన గుడ్డ చప్పుడు వినిపించింది. కూతురి కోసమే కదే అన్నాడు. "కూతురి కోసమని నాకు చెబుతున్నావా?" అంది. అంతకుమించి బేరం ముందుకు సాగలేదు. అడిగినప్పుడు తనే ఏదో ఒకటి చెప్పేయాలి. కిందిదే అని చెప్పేస్తాడు. పైది ఖరీదైంది, కిందిది పాతది, బర్నరు ఒకటి సరిగ్గా అంటుకోదు కూడా. లెక్క ప్రకారం కిందిదే పోవాలి. కానీ కింది వంటిల్లు లేని ఇంట్లో దియోలిండా ఎక్కడ నిలబడుతుంది? ఆ నీలి పూల మధ్య చేప వేయిస్తుందా? వేయించదు. వంటే మానేస్తుంది. గెలిచి ఇంటికెళ్లి చల్లటి రొట్టె తినాల్సి వస్తుంది. ఇదేం లాభం?

అటుపక్క కూర్చున్న కూతురు లూర్దెస్ మోకాలు ఊగుతోంది. చిన్నప్పుడూ అంతే, చర్చిలో బల్ల బల్లంతా ఊపేది. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, నీలం యూనిఫారం, రబ్బరు చెప్పులు, మెడలో పేరు చీటీ తీయడం మరిచిపోయింది. తన పిల్ల బియాని ఎవరో స్నేహితురాలి దగ్గర వదిలింది. లూర్దెస్ ఉంటున్న మూడంతస్తుల చెక్క ఇల్లు చేతులు మారింది. పట్నం నుంచి రైలు ఈ ఊరిదాకా వస్తోందని తెలియగానే ఎవరెవరో వచ్చి ఇళ్లు కొంటున్నారు, కొన్న మర్నాడే అద్దె పెంచుతున్నారు. లూర్దెస్ జీతానికి దొరికే ఇల్లు ఇక్కడికి రెండు ఊళ్లవతల ఉంది. అక్కడికి పోతే బియా బడి మారాలి, లూర్దెస్ డ్యూటీకి చీకట్లో బయల్దేరాలి, పిల్లని పొద్దున్నే ఎవరు లేపుతారు, ఎవరు జడ వేస్తారు? ఇంత పెద్ద ఇల్లుండగా కలిసి ఉండొచ్చుగా అని బయటివాళ్లు అంటారు. లూర్దెస్‌కి విడాకులైన ఏడాది కలిసి ఉండి చూశారు. తల్లీకూతుళ్లు ఒకే అచ్చు, ఒకే నాలుక, ఒక ఒరలో రెండు కత్తులు. సూపులో ఉప్పు దగ్గర మొదలైన గొడవ పెళ్లిదాకా, పెళ్లి నుంచి పెంపకందాకా పాకేది. బియా బొమ్మల పుస్తకం తీసుకుని బల్ల కిందికి దూరి, అరుపులు ఆగేదాకా అక్కడే రంగులు వేసుకునేది. ఒకరోజు సెరఫీమ్ వంగి చూస్తే, పిల్ల ఒక ఇల్లు గీసింది, దానికి రెండు తలుపులు పెట్టింది. తలుపులు రెండెందుకమ్మా అంటే, "ఒకటి అమ్మమ్మకి కోపం వచ్చినప్పుడు, తాతా," అంది. షెడ్డు సంగతి అతనికి తోచింది ఆ బల్ల కిందే. పెరట్లో ద్రాక్షపందిరి దాటితే వేరే గడప; కోపం వచ్చినప్పుడు పందిరి దాటి పోవచ్చు, తగ్గాక గిన్నె పట్టుకుని తిరిగి రావచ్చు. ఆ నడిచే కాస్త దూరంలో కోపం సగం చల్లారుతుంది. ఇంత చవకలో అంత శాంతి ఏ అంగట్లోనూ దొరకదు.

రెండు వరుసల ముందు గాన్యోన్ మెడ కనిపిస్తోంది, ఎర్రగా, మడతలు పడి. పక్కింటి గాన్యోన్. వాళ్ల తాతలు కెనడా నుంచి ఇక్కడి మిల్లులకు వచ్చినవాళ్లు, తమ తర్వాత వచ్చినవాళ్లందరూ నిన్న వచ్చినట్టే మాట్లాడతాడు. షెడ్డు వద్దని చెప్పడానికే వచ్చాడు. కార్లు పెట్టుకోవడానికి వీధిలో చోటు చాలదట. సెరఫీమ్‌కి తెలుసు, కొనేవాడు పైకి చెప్పే ధర ఒకటి, లోపల ఉండే ధర వేరొకటి. లోపలిది పట్టుకున్నవాడిదే బేరం. గాన్యోన్ లోపలి ధర ఏమిటి? ఈ వీధిలో మంచు కురిసినప్పుడు ఎవరు పార చేతబట్టి తమ బండికి చోటు చేసుకుంటారో వాళ్లు అక్కడో పాత కుర్చీ పడేసి పోతారు. ఆ కుర్చీని ఎవరూ ముట్టరు; చట్టంలో లేదు గానీ చట్టం కంటే గట్టిది. కిందటేడు పెద్దమంచులో లూర్దెస్ వచ్చింది, వెనకసీట్లో బియా జ్వరంతో నిద్రపోతోంది, వీధంతా తెల్లటి గుట్టలు, ఒక్కటే ఖాళీ, దాంట్లో గాన్యోన్ పచ్చ ప్లాస్టిక్ కుర్చీ. దాన్ని తీసి పక్కన పడేసి, బండి పెట్టేసింది. గాన్యోన్ పని నుంచి వచ్చేసరికి, నడుం విరిగేలా తవ్వుకున్న చోటులో వేరేవాళ్ల బండి, కుర్చీ మంచులో తలకిందులు. ఆ రోజు నుంచి పలకరింపు లేదు. టమాటా నారు ఇచ్చిపుచ్చుకోవడమూ లేదు.

కిటికీ అవతల మిల్లు గడియారస్తంభం మీద ఎండ వాలుగా పడింది. మొదటిసారి ఈ ఊరొచ్చినప్పుడూ అది ఇలాగే, ఆగిపోయిన ముళ్లతో, ఉంది. అప్పుడు సెరఫీమ్ చేతిలో ఒక అట్టపెట్టె, దాంట్లో దీవి చీజు ఒక చక్రం, ఇంకో చొక్కా. దోనా ఫిలొమెనా అనే విధవరాలు అటకగది ఇచ్చింది. పైకప్పు ఎంత వాలుగా ఉండేదంటే మంచం మీద లేచి కూర్చుంటే నుదురు తగిలేది. ఆమె అడిగిన అద్దె విని పొరపాటున చెప్పిందేమో అనుకున్నాడు. ఎందుకింత తక్కువ అని అడిగితే, "తక్కువ కాదు, నీ దగ్గర ఉన్నంత," అంది. ఆ అటకగదిలో దాచుకున్నదే దుకాణం అయింది. ఆ గది ఇవాళ్టి పుస్తకం ప్రకారం ఉండటానికే వీల్లేదు. మెట్లు ఇరుకు, కిటికీ చిన్నది. పుస్తకం ఆనాడే ఉంటే దుకాణం లేదు, దియోలిండా లేదు, లూర్దెస్ లేదు. అందుకే ఊరు పెట్టిన షరతు చదివినప్పుడు మొదట ఒళ్లు మండినా తర్వాత చల్లబడ్డాడు. లూర్దెస్ ఎప్పుడైనా షెడ్డు ఖాళీ చేస్తే, దాన్ని బజారు ధరకి కాకుండా, చిన్న జీతాల వాళ్లకి ఊరు నిర్ణయించిన అద్దెకే ఇవ్వాలి. సొంత పెరట్లో కట్టుకున్న ఇంటికి ధర నేను పెట్టకూడదా అని వారం రోజులు సణిగాడు. ఇప్పుడు, ఈ గొట్టాల బుసలో, నుదుటికి ఆ వాలుకప్పు మళ్లీ తగిలినట్టయింది. దోనా ఫిలొమెనాకి ఆ గది బాకీ తీర్చే దారి ఇన్నేళ్లూ దొరకలేదు. బాకీ తీసుకునే మనిషి పోయినా, ఇచ్చే దారి ఒకటి తెరుచుకుంటోంది.

"అరూడా," అంది మిసెస్ విన్‌స్లో. "పెరటి షెడ్డు."

ముగ్గురూ లేచారు. కుర్చీలు కీచుమన్నాయి. సెరఫీమ్ చెప్పాల్సింది చెప్పాడు, దుకాణంలో చెప్పినట్టే, తొందర లేకుండా. అద్దె షరతు ఒప్పుకుంటారా అని టీచరమ్మ అడిగితే ఒప్పుకుంటానన్నాడు, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే వింతగా ఉంది. పొరుగువాళ్లెవరైనా మాట్లాడతారా అనగానే గాన్యోన్ లేచి టోపీ తీశాడు. వీధి ఇరుకు, బండ్లు ఎక్కువ, షెడ్డు ఇల్లయితే అందులో ఉండే బండి కూడా వీధిలోకే వస్తుంది అన్నాడు. కాగితం చూసి చదువుతున్న మనిషి మధ్యలో ఆగిపోయి, కాగితం మడిచేశాడు. "మంచులో తవ్వేది ఎవరు, పెట్టుకునేది ఎవరు అని అడుగుతున్నానంతే," అన్నాడు.

అదీ లోపలి ధర. సెరఫీమ్ నోరు తెరిచేలోపే లూర్దెస్ అందుకుంది.

"మిస్టర్ గాన్యోన్, ఆ కుర్చీ తీసింది నేనే. పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. మర్నాడు మీ తలుపు కొట్టి చెప్పుండాల్సింది, చెప్పలేదు. సిగ్గేసింది."

"పిల్లకి జ్వరమా?" అన్నాడు గాన్యోన్. "ఎవరూ చెప్పలేదే."

"నువ్వెవరితోనైనా మాట్లాడితేగా చెప్పడానికి!" అంది దియోలిండా, కూర్చున్నవాళ్లు నవ్వారు.

సెరఫీమ్ బేరం అక్కడే కుదిర్చేశాడు. షెడ్డు ముందు నుంచి వీధిదాకా కారుబాట అలాగే ఉంటుంది, తనదీ లూర్దెస్‌దీ రెండు బండ్లూ దాంట్లోనే, వీధిలో ఒక్కటీ ఉండదు. మంచు పడిన రోజున గాన్యోన్ బండికి కూడా ఆ బాటలో చోటు. "తవ్వేది నేను," అన్నాడు. గాన్యోన్ టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "నీ నడుంతోనా? ఇద్దరం తవ్వుదాంలే, సెరఫీమ్," అని కూర్చున్నాడు.

ఇక ఆ ప్రశ్న వచ్చింది. మిసెస్ విన్‌స్లో కళ్లజోడు తీసి, డౌలింగ్ రాసింది చదివి, గోడవారన నిలబడ్డ డౌలింగ్ వైపొకసారి చూసి, ఇంట్లో రెండు వంటిళ్లున్నాయి, షెడ్డుకి అనుమతి ఇవ్వాలంటే ఒకటి ఉండకూడదు, ఏది తీసేస్తారు అని అడిగింది. కిందిది అనే మాట సెరఫీమ్ నాలుక చివరిదాకా వచ్చింది. అతని చేతి మీద భార్య చేయి పడింది. దియోలిండా కోటు గుండీలు విప్పుతోంది, పైనుంచి కిందికి ఒక్కొక్కటే. దుబాసీగా లూర్దెస్ ముందుకు రాబోతే ఆగమంది.

"పైది," అంది. "పైది తీసేయండి."

ఆ మాటతో సరిపోయేది, కానీ ఆమె ఆగలేదు. "అందరూ నవ్వుతారు, మా ఆయన కూడా. వాడని వంటిల్లు ఎందుకని. నేను దీవిలో చిన్నప్పట్నుంచీ ఒక పెద్దింట్లో పనికుండేదాన్ని. వంటిల్లు తోమడమే పని. పొద్దున తోము, మధ్యాహ్నం తోము, రాత్రి తోము. ఆ వంటింట్లో కూర్చోకూడదు, తోమాలంతే. అప్పుడే అనుకున్నా, ఎప్పటికైనా నాకో వంటిల్లు ఉండాలి, అది తోమక్కర్లేకుండా ఉండాలి అని. ఉంది. రోజూ ఒకసారి పైకెళ్లి చూసుకునేదాన్ని, ఒక గుడ్డ విసిరి, కాసేపు కుర్చీలో కూర్చుని వచ్చేదాన్ని. ఇక చాలు. కూర్చున్నది చాలు." గొంతు సవరించుకుంది. "ఆ పొయ్యి పారేయను మాత్రం. దాన్ని షెడ్డులో పెట్టండి. కొత్తది కొననక్కర్లేదు. నా కూతురు దాని మీద పాలు పొంగించుకోనీ, మాడ్చుకోనీ. మరకలు పడనీ."

సెరఫీమ్ తలతిప్పి భార్యని చూడలేకపోయాడు. కాపురం మొదలైనప్పటినుంచి ప్రతి వస్తువు ధరా తనకి తెలుసనుకున్నాడు. ఆ గుడ్డ చప్పుడు ఇన్నేళ్లు విన్నాడు, పొయ్యి తుడుస్తోందనుకున్నాడు. కాసేపు కూర్చుంటోందని ఒక్కరోజూ తోచలేదు.

ముగ్గురూ కూర్చున్నాక ఓట్లకి పేర్లు పిలిచారు. టీచరమ్మ సరేనంది, థాంక్స్ కూడా చెప్పింది. ఫైరింజనాయన బల్లవైపు చూస్తూ, షెడ్డుకీ కంచెకీ మధ్య గొట్టం లాక్కుని మనిషి పరిగెత్తే చోటు లేదు, ఒకప్పుడు అలాంటిచోట పని పడింది, క్షమించండి, వద్దు అన్నాడు. ధర అడగనివాడు. లూర్దెస్ మోకాలు ఊగడం ఆగిపోయింది, అది ఇంకా భయం. ఇక మిగిలిన ముగ్గురూ సరేననాలి, అందులో ఒకడు ఏమీ కొననివాడు, ఒకడు రానిబాకీ. కొత్తవాడు నక్షా ఇటు తిప్పి అటు తిప్పి, "బాగుంది," అన్నాడు. అని ఊరుకున్నాడు. మిసెస్ విన్‌స్లో కళ్లజోడు మీదుగా చూసింది. "సరే అని అర్థమండీ," అన్నాడు కంగారుగా. ఈసారి కొన్నాడు.

హాథవే బో టై సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. "మా అమ్మ ముందుగది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేది," అన్నాడు ఎవరితోనో కానట్టు. "మంచి సోఫాలుండేవి. మమ్మల్ని అడుగుపెట్టనిచ్చేది కాదు. అమ్మ పోయిన రోజున, శవపేటికని ఉంచడానికి, ఆ తలుపు తెరిచాం. కిటికీలోంచి అంత మంచి ఎండ వస్తుందని అమ్మకి తెలుసో లేదో." దియోలిండా వైపు చూసి తల వంచాడు. "సరే."

నాలుగోది మిసెస్ విన్‌స్లోది. ఆమె ఆలివ్ గింజని రుమాల్లో చుట్టినంత శ్రద్ధగా కాగితాలు సర్ది, "సరే," అంది.

మెట్ల మీద లూర్దెస్ తల్లిని పట్టుకుంది, పట్టుకోగానే, "అంత పలచటి యూనిఫారంలో వచ్చావేం, జలుబు చెయ్యదూ?" అని ఒకరు, "ఇక్కడికి వచ్చేదాకా ఆగకుండా ఆ ముక్క ఇంట్లోనే చెప్పొచ్చుగా, నెల రోజులు నాన్న నిద్రపోలేదు," అని ఒకరు మొదలుపెట్టారు. పందిరి దాటే దూరం ఉండటం ఎంత అవసరమో మళ్లీ రుజువైంది. దియోలిండా ఆ మాట మధ్యలోనే వదిలేసి కారు దగ్గరికి గబగబా నడిచి, తువ్వాలు మూటతో తిరిగొచ్చి, తన బండి తలుపు తీస్తున్న డౌలింగ్‌ని ఆపింది. "ఇప్పుడు తీసుకుంటే లంచం కాదుగా?"

"ఇప్పుడైతే ఆకలండీ, అంతే," అన్నాడు డౌలింగ్. రొట్టె అక్కడే తుంచారు. గాన్యోన్‌కీ ఒక ముక్క పెట్టారు. నములుతూ, "మరి ఆ కుర్చీ ఏం చేసుకోను?" అన్నాడు. "తెచ్చి మా పందిరి కింద వేసుకుని కూర్చో," అంది దియోలిండా. "నారు కూడా పట్రా. పోయినేడు నీ టమాటాలు లేక మావి గొడ్డుపోయాయి."

ఇంటికి దారిలో సెరఫీమ్ నెమ్మదిగా నడిపాడు. వెనకసీట్లో లూర్దెస్ ఫోన్లో బియాకి చెబుతోంది, అవును, మనకి వేరే తలుపు, అవును, ఎరుపు రంగే వేద్దాం. పొయ్యి మీద ప్లాస్టిక్ నువ్వే లాగు, అమ్మమ్మ ఏమీ అనదు. అమ్మమ్మ ఏమీ అనలేదు. కిటికీలోంచి చూస్తూ, ఒళ్లో ఖాళీ తువ్వాలు మడతపెడుతోంది. సెరఫీమ్ అలవాటు చొప్పున అన్నీ కూడుకున్నాడు. చేతిలోంచి పోయింది ఒక షెడ్డు, దాంట్లోంచి ద్రాక్షసారా పీపాలు సెల్లారుకి దించాలి, దానికో గొడవ ఉంటుంది. బజారు ధర అడిగే హక్కు పోయింది, దోనా ఫిలొమెనా నవ్వుకుంటుంది. ముప్పై చలికాలాలు వెలగని పొయ్యి ఒకటి వెలగబోతోంది. మంచు తవ్వడానికి తోడు దొరికింది. మనుషుల్ని తూచడంలో ఐదుగురిలో ఇద్దరి దగ్గర త్రాసు తప్పింది, ఆ తప్పు కూడా లాభంలోకే పోయింది. పైన పొయ్యి తీసేసినచోట గోడవారన ఖాళీ మిగులుతుంది, అక్కడ ఎండ పడుతుంది, రెండు కుర్చీలు పడతాయి. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే కూర్చున్నచోట, రేపటినుంచి ఎవరూ ఏదీ తోమకుండా, ఇద్దరు కూర్చోవచ్చు.